కటా అంత బాగా చేసేవాడు గొడవలో ఎందుకు తేలిపోయాడు?

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్తాను. అబ్బాయి పదో తరగతి, చాన్నాళ్ళుగా షోటోకాన్ కరాటే, బ్రౌన్ బెల్ట్, కటాలో, అంటే ముందే కుదిర్చిన వరసలో చేసే కదలికల్లో, జిల్లా మెడల్ కూడా ఉంది. ట్యూషన్ బయట బండ్లు పెట్టే చోట మాటామాటా పెరిగి, అతని ఈడువాడే కాలర్ పట్టుకుని లాగి నాలుగిచ్చాడు, మీవాడు చెయ్యెత్తలేకపోయాడు. మీ బావమరిది "అదంతా డాన్సు, మానిపించి బాక్సింగ్‌లో వెయ్యి" అన్నారు. మాస్టారు "కటా ఇంకా కుదరలేదు, అది కుదిరితే ఫైట్ దానంతటదే వస్తుంది" అన్నారు. ఎవరి మాట వినాలి, బ్లాక్ బెల్ట్ పరీక్షకు డబ్బు కట్టాలా వద్దా, చెల్లెల్ని కూడా చేర్చాలా అని అడిగారు.

నేనూ షోటోకాన్‌లో పెరిగినవాణ్ణే, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను, మధ్యలో జూడో, బాక్సింగ్ కూడా చేశాను. కటా మీద నాకు కోపం ఏమీ లేదు, ఇప్పటికీ పొద్దున్నే చేస్తాను. కానీ "దానంతటదే వస్తుంది" అన్న మాట మాత్రం ఒప్పుకోను, ఎన్నేళ్ళు చేసినా అలా రాదు. కటాలో ఎదుటివాడు లేడు కాబట్టి రాదు, అంతే. ఎదుటివాడు ఉండటం అంటే ఒక మనిషి ముందు నిలబడటం కాదు, మీరు చేయాలనుకున్నది జరగనివ్వనని పంతం పట్టిన మనిషి ఉండటం. అలాంటివాడి మీద సాధన చేయనంతవరకు అది కరాటే అయినా, కుంగ్‌ఫూ అయినా, మన జాతరల్లో తిప్పే కర్రసాము అయినా ఒకటే. బాక్సింగ్ కూడా, కేవలం బ్యాగు కొట్టుకుంటూ కూర్చుంటే, అంతే.

అసలు మన దగ్గర కుర్రాళ్ళ గొడవ ఎలా మొదలవుతుందో గుర్తు చేసుకోండి. ఎవరూ మూడు గజాల దూరంలో నిలబడి వంగి నమస్కారం పెట్టి పిడికిలి బిగించరు. "ఏంట్రా చూస్తున్నావ్" అంటూ మొహంలో మొహం పెడతారు, ఛాతీ మీద తోస్తారు, ఎడం చేత్తో కాలర్ దొరకబుచ్చుకుంటారు, కుడిచెయ్యి పక్కనుంచి తిరిగొచ్చి చెవి కింద పడుతుంది, గూబ గుయ్యిమంటుంది. ఈలోపు వాడి స్నేహితుడు వెనక నుంచి ఒకటేస్తాడు, ఒక్కోసారి చేతిలో హెల్మెట్ ఉంటుంది. ఇదంతా మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది. మీవాడు క్లాసులో నేర్చుకున్న బ్లాకులన్నీ దూరం నుంచి నేరుగా వచ్చే పంచ్ కోసం. ఆ దూరమే అక్కడ లేదు.

దానికి తోడు టెన్షన్. గుండె దడదడలాడుతుంది, చూపు సన్నబడి ఎదుటివాడి మొహం తప్ప ఇంకేమీ కనిపించదు, చేతివేళ్ళు బండబారిపోతాయి, మోకాళ్ళలో వణుకు వస్తుంది. అడ్రినలిన్ పని అది, పిరికితనం కాదు, దయచేసి ఈ ఒక్క విషయం మీవాడికి విడమరచి చెప్పండి. కొట్టించుకున్న దానికన్నా "నేను కదల్లేకపోయాను" అన్నదే ఆ వయసులో ఎక్కువ నొప్పి. ఆ స్థితి పూర్తిగా కొత్తదైతే ఎవరైనా కొయ్యబారిపోతారు. అంతకుముందు క్లాసులో, గ్లవ్స్ వేసుకుని, కాస్త భయం పుట్టే పరిస్థితిలో చాలాసార్లు పడి లేచినవాడికి అది పూర్తిగా పోదు కానీ ఒక సెకనులో తేరుకుంటాడు. ఆ సెకనే కావలసింది.

"మావాడు కుమితే, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధన, కూడా చేస్తాడు కదా" అంటారేమో. అదే తర్వాతి చిక్కు. మన ఊళ్ళలో ఎక్కువగా చేయించేది రెండు రకాలు. ఒకటి, ఒక అడుగు వేసి పంచ్ వదిలి చెయ్యి అలాగే చాచి బొమ్మలా నిలబడతాడు ఒకడు, రెండోవాడు తీరిగ్గా బ్లాక్ చేసి తిరిగి మూడు కొడతాడు. చాచిన చెయ్యి వెనక్కి లాక్కోని మనిషిని బయట నేనింకా చూడలేదు. రెండోది టోర్నమెంట్ పాయింట్ల ఆట. తాకీ తాకగానే "కియాయ్" అని అరిచి, రిఫరీ వైపు చూస్తూ వెనక్కి తిరిగిపోతారు. వేగం, దూరం అంచనా వేయడం బాగా వస్తాయి, నిజంగా వస్తాయి, దాన్ని తక్కువ చేయను. కానీ దెబ్బ తగిలాక ఆగిపోవడం అలవాటైన శరీరం, దెబ్బ తగిలాకే అసలు గొడవ మొదలయ్యే చోట ఏం చేస్తుంది?

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఇదంతా ప్రపంచం ముందు కనబడింది. కరాటేకు కటా పతకాలు వేరు, కుమితే పతకాలు వేరు. పురుషుల కటాలో ఒకినావాకు చెందిన కియూనా ర్యో గెలిచాడు, ఆ కటా చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కుమితేలో అన్నిటికన్నా పెద్ద బరువు విభాగం ఫైనల్లో సౌదీ ఆటగాడు తారెగ్ హమేదీ 4–1 ఆధిక్యంలో ఉండి తలకు కిక్ కొడితే ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. నియంత్రణ లేకుండా కొట్టాడని హమేదీని అనర్హుణ్ణి చేసి, స్ట్రెచర్ మీద బయటికి పోయినాయనకు స్వర్ణం ఇచ్చారు. ఆట నిబంధన ప్రకారం అది సరైన నిర్ణయమే, నవ్వాల్సిన పని లేదు. ఈ ఆట దేనికి శిక్షణ ఇస్తుందో, దేనికి ఇవ్వదో ఇంతకన్నా బాగా చూపించే సంఘటన నాకు తెలీదు.

మరి కటా దేనికి? మీవాడు చేసే హేయాన్ కటాలు ఐదు ఉన్నాయి కదా, వాటి అసలు పేరు పినాన్. 1900ల మొదట్లో ఒకినావాలో కరాటేను బడుల్లోకి తెచ్చిన ఇతోసు అంకో అనే గురువు వాటిని పిల్లల కోసం కూర్చాడు. 1908లో ఆయన రాసిన లేఖలో పిల్లల ఆరోగ్యం, దేహదారుఢ్యం, రేపు సైన్యానికి పనికొచ్చే యువకులు అన్న మాటలు కనిపిస్తాయి. అంటే వరసల్లో నిలబెట్టి, లెక్కపెడుతూ, యాభైమందికి ఒకేసారి నేర్పే డ్రిల్లు. ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యో వెళ్ళి ప్రదర్శన ఇచ్చాక అదే పద్ధతి విశ్వవిద్యాలయాలకు, అక్కడి నుంచి లోకమంతటికీ పాకింది. మన స్కూల్ గ్రౌండులో సాయంత్రం "ఇచ్, నీ, సాన్" అని వినిపించేది ఆ డ్రిల్లే. దాన్ని వీధి గొడవకు మందుగా అమ్మడం తర్వాత వచ్చిన వ్యాపారం. పాపం ఇతోసును అనడానికి ఏమీ లేదు.

అదే ఒకినావాలో మొతోబు చోకి అని ఒకాయన ఉండేవాడు. కుర్రతనంలో రాత్రిళ్ళు బజారుకు పోయి కావాలని గొడవలు పెట్టుకునేవాడని చెబుతారు. ఆయన ప్రధానంగా సాధన చేసిన కటా ఒక్కటే, నైహాంచి, షోటోకాన్‌లో మనం తెక్కి షోదాన్ అంటాం. ఆయన 1926లో వేసిన పుస్తకంలో ఫొటోలు చూస్తే ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేంత దగ్గరగా ఉంటారు, ఒక చేత్తో పట్టు, రెండో చేత్తో దెబ్బ. మనం అదే కటా చేస్తాం, కానీ ఆ దగ్గరితనం వదిలేశాం. కాబట్టి కటాలో పసలేదని అనలేను. పసంతా జంటగా చేసే సాధనలో ఉండేది, మనకు అందేసరికి ఆ సగం జారిపోయింది.

ఒక కదలిక తీసుకుని చూపిస్తాను, మీవాడితో ఇంట్లో చేయించి చూడండి. గెదాన్ బరాయ్, అందరూ మొదటి నెలలోనే నేర్చుకునే కింది బ్లాకు. ఒక చెయ్యి చెవి దగ్గర నుంచి కిందికి ఊడ్చినట్టు వస్తుంది, రెండో చెయ్యి వెనక్కి నడుము దగ్గరకు వెళ్తుంది. క్లాసులో దీన్ని ఫ్రంట్ కిక్ ఆపడానికి అని చెబుతారు. బలంగా వచ్చే కాలికి ముంజేయి అడ్డం పెడితే ఏం విరుగుతుందో చెప్పక్కర్లేదు, పైగా రెండో చెయ్యి నడుము దగ్గర దాక్కుంటే మొహానికి కాపలా ఎవరు? ఇప్పుడు ఆ నడుముకు వెళ్ళే చెయ్యి ఖాళీగా వెళ్ళడం లేదనుకోండి. ఎదుటివాడు మీవాడి కాలర్ పట్టుకున్నాడు, ఆ మణికట్టును మీవాడు పట్టి తన నడుము వైపు లాగుతున్నాడు. చెవి దగ్గర ఉన్న రెండో ముంజేయి వాడి మోచేతి పైన పడి కిందికి నొక్కుతుంది. వాడి భుజం వంగుతుంది, తల ముందుకొస్తుంది, కుడిచేత్తో కొడదామనుకున్నవాడు ఒక్క క్షణం ఒరిగిపోతాడు. ఇలా చూస్తే కటాలోని ప్రతి భంగిమకు ఒక అర్థం కనిపిస్తుంది, వీడియోల్లో ఇలాంటివి చూపించి జనం చేత ఆహా అనిపించుకునేవాళ్ళకు కొదవ లేదు.

కానీ ఇక్కడ ఆగిపోతే మళ్ళీ మోసపోయినట్టే. మీవాడి ఫ్రెండును పిలిచి, "కాలర్ గట్టిగా పట్టుకో, వీడు లాగితే వదలకు, తిరిగి లాగు, రెండో చేత్తో మెత్తగా చెంప మీద వేస్తూనే ఉండు" అని చెప్పండి. నేను చెప్పిన ఆ అందమైన గెదాన్ బరాయ్ మొదటి రోజు ఒక్కసారి కూడా పనిచేయదు. మణికట్టు పట్టేలోపే రెండు చెంపదెబ్బలు పడతాయి. అప్పుడు తెలుస్తుంది, మణికట్టు సంగతి తర్వాత, ముందు గడ్డం ఛాతీకి ఆనించి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టాలని, వెనక్కి కాదు ముందుకే జరిగి తలను వాడి ఛాతీకి ఆనిస్తే ఊపుకు చోటుండదని, కొట్టే చేతి కండ దగ్గర ఒడిసి పట్టాలని. అక్కడ నిలదొక్కుకున్నాక మళ్ళీ గెదాన్ బరాయ్ దగ్గరకు వస్తే, ఈసారి అడపాదడపా పడుతుంది. నెల తర్వాత ఇంకాస్త ఎక్కువగా. జూడో వాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారు, ఈ మాత్రం దానికి ఇంత ఉపన్యాసమా అని, వాళ్ళకు మొదటి వారం నుంచీ పట్టు విడిపించుకోవడమే పని.

జూడో మాట వచ్చింది కాబట్టి దాన్ని మొదలుపెట్టిన కానో జిగోరో గురించి చెప్పాలి. 1882లో కొదోకాన్ అనే తన జూడో బడి మొదలుపెట్టినప్పుడు ఆయన చేతికొచ్చిన జుజుత్సు అనే పాత జపాన్ విద్యలో ప్రమాదకరమైన దెబ్బలు చాలా ఉన్నాయి. వాటిని పూర్తి బలంతో సాధన చేస్తే రోజూ ఎవడో ఒకడు ఆసుపత్రికి పోవాలి. ఆయన దెబ్బలన్నిటినీ కటాల్లో ఉంచేసి, ఎత్తి పడేయడం, నేల మీద అదిమిపట్టడం, మెడ బిగించడం లాంటివి రందోరికి, అంటే ఇద్దరూ నిజంగా గెలవడానికి పెనుగులాడే సాధనకు కేటాయించాడు. కాగితం మీద చూస్తే విద్య బలహీనపడింది. చేతల్లో చూస్తే, వదలనివాణ్ణి పడేయడం రోజూ అలవాటైన మనుషులు తయారయ్యారు. "మా దగ్గర విద్య చాలా ప్రమాదకరం, అందుకే స్పారింగ్ చేయించం" అనే మాస్టర్ ఎవరైనా కనిపిస్తే ఇది గుర్తు తెచ్చుకోండి. రోజూ చేయలేని ప్రమాదకరమైన విద్య కన్నా రోజూ చేయగలిగిన మామూలు విద్య గొప్పది.

చరిత్రలో దీనికి సాక్ష్యాలు దొరుకుతాయి. 1954లో మకావులో చైనా విద్య తైచీ గురువు ఊ గోంగ్‌యీకి, వైట్ క్రేన్ (తెల్లకొంగ) శైలికి చెందిన చాన్ హక్‌ఫూకు బహిరంగ పోటీ పెట్టారు. ఒకాయన యాభై దాటినవాడు, రెండోవాడు ఆయనకన్నా చాలా చిన్నవాడు. ఆ ఫిల్ము ఇప్పటికీ ఉంది, కొంగ లేదు, మేఘాల్లా కదిలే చేతులు లేవు, ఇద్దరూ అడ్డదిడ్డంగా చేతులు విసురుకున్నారు, రక్తం కూడా కారింది, రెండో రౌండులోనే ఆపేసి ఎవరూ గెలవలేదు ఎవరూ ఓడలేదు అన్నారు. 2017లో చైనాలోని చెంగ్డూలో షూ షియావ్‌డాంగ్ అనే ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన పోటీ) కోచ్, వే లే అనే తైచీ ఆయన్ని అర నిమిషం కూడా పట్టకుండా కింద పడేశాడు. వే లే చెయ్యి ముందుకు చాచి భంగిమలో నిలబడ్డ తీరు చూడండి, కలిసొచ్చే శిష్యుల మీద మాత్రమే సాధన చేసిన శరీరం అది.

రెండోవైపు కూడా చెప్పాలి, లేకపోతే మీ బావమరిది గెలిచాననుకుంటారు. లియోటో మచీడా అనే బ్రెజిల్ ఆటగాడు తండ్రి దగ్గర షోటోకాన్ నేర్చుకుని 2009లో యూఎఫ్‌సీ అనే పెద్ద ఎంఎంఏ పోటీల్లో లైట్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. 2011లో ర్యాండీ కూటూర్ అనే పెద్ద పేరున్నవాణ్ణి ఎగిరి తన్నే ఫ్రంట్ కిక్‌తో పడేశాడు. మీవాడు రోజూ చేసే మాయె గేరీయే, ఎగిరి చేశాడు. దూరం ఉంచి ఒక్కసారిగా లోపలికి దూకడం పక్కా షోటోకానే. కాకపోతే మచీడా చిన్నప్పటి నుంచే సుమో పట్టాడు, తర్వాత జుజుత్సు చేశాడు, ఒప్పుకోని మనుషుల మీదే ఆ కిక్‌ను పదునుపెట్టుకున్నాడు.

కాబట్టి బ్రౌన్ బెల్ట్ దాకా చేసింది వృథా కాదు. ఎక్కాలు అప్పజెప్పినంత మాత్రాన సంతలో బేరమాడి చిల్లర లెక్కేసుకోవడం రాదు, కానీ ఎక్కాలు రానివాడికన్నా త్వరగా పట్టుబడుతుంది. మీవాడికి నడుము తిప్పడం వచ్చు, కాళ్ళలో బలం ఉంది, చెప్పింది గుర్తుంచుకుని మళ్ళీ మళ్ళీ చేసే ఓపిక ఉంది. బాక్సింగ్ కోచ్ దగ్గరకు పంపితే ఈ మూడూ వెంటనే పనికొస్తాయి. కొట్టిన వెంటనే చెయ్యి నడుముకు లాక్కోవడం, గడ్డం పైకెత్తి ఠీవిగా నిలబడటం, ప్రతి దెబ్బ తర్వాత ఫొటో కోసం ఆగినట్టు ఆగడం మాన్పించడానికి మాత్రం కోచ్‌కి తల ప్రాణం తోకకొస్తుంది.

బాక్సింగేనా అంటే, మీ ఊళ్ళో ఏది బాగుంటే అది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ చాంపియన్ అయ్యాక నన్ను బాక్సింగ్ గురించి అడిగే తల్లిదండ్రులు పెరిగారు, సంతోషం. కానీ ప్రతి ఆటకూ ఒక గుడ్డిచోటు ఉంటుంది. బాక్సర్‌కు కాలర్ పట్టుకుని లాగేవాడితో అలవాటుండదు, గ్లవ్స్ లేకుండా పుర్రె మీద గుద్దితే చిటికెన వేలి కింది ఎముక విరుగుతుంది, ఆ ఫ్రాక్చర్‌కు డాక్టర్లు పెట్టిన పేరే బాక్సర్స్ ఫ్రాక్చర్. క్యోకుషిన్ అనే కరాటే శైలి వాళ్ళు ఒంటి మీద దెబ్బలు ఇనుపగుండ్లలా తట్టుకుంటారు, కానీ వాళ్ళ పోటీల్లో చేత్తో మొహం మీద కొట్టకూడదు కాబట్టి చేతులు కిందికి జారిపోతాయి. నేలమీద పట్టు బాగా వచ్చిన జుజుత్సు కుర్రాడికైనా, ఎదుటివాడి వెనక ఇంకో ఇద్దరున్నప్పుడు నేలమీదికి దిగడం ఆత్మహత్యే. లోటు లేని విద్య కోసం వెతకొద్దు.

క్లాసు చూసుకోవడానికి వెళ్ళినప్పుడు సర్టిఫికెట్లు, గోడమీద ఫొటోలు, స్కూల్ యానివర్సరీలో పొట్ట మీదుగా బైకు పోనిచ్చిన, పెంకులు పగలగొట్టిన వీడియోలు పక్కన పెట్టండి. పెంకు తిరిగి కొట్టదు. ఒక గంట మూల కుర్చీలో కూర్చుని ఒక్కటే గమనించండి, ఆ గంటలో ఒక పిల్లవాడు చేయబోయిన దాన్ని ఇంకో పిల్లవాడు నిజంగా అడ్డుకోవడం ఎన్నిసార్లు జరిగింది, అడ్డుకున్నప్పుడు మాస్టర్ తిట్టాడా లేక "భేష్, ఇప్పుడేం చేస్తావ్?" అన్నాడా. మౌత్ గార్డ్ లేకుండా స్పారింగ్ చేయించేచోటికి పంపకండి. పదహారేళ్ళ లోపు పిల్లల తలల మీద బలంగా కొట్టించే "మగాడిలా తట్టుకో" కోచ్ దగ్గరకు అసలు పంపకండి, మెదడుకు తగిలే దెబ్బలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

చెల్లెలి సంగతి కాస్త వేరు. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో దాదాపు 900 మంది మొదటి సంవత్సరం అమ్మాయిలతో చేసిన ఒక పరిశోధన 2015లో వచ్చింది. పన్నెండు గంటల శిక్షణ, అంతే. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందినవారిలో 5.2 శాతం, కరపత్రాలు మాత్రమే ఇచ్చినవారిలో 9.8 శాతం. ఆ పన్నెండు గంటల్లో కటా లేదు. తెలిసిన మనిషి నుంచే ప్రమాదం వస్తున్నప్పుడు ముందే పసిగట్టడం, మొహమాటం వదిలి గట్టిగా కాదనడం, అవసరమైతే కొట్టి బయటపడటం ఉన్నాయి. మన ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు పెట్టే ఆత్మరక్షణ తరగతుల్లో ఈ మొదటి రెండూ వదిలేసి పంచ్‌లు మాత్రం లెక్కపెట్టించడం చూస్తుంటే బాధేస్తుంది. పాపకు కరాటే ఇష్టమైతే తప్పక చేర్చండి, ఆ రెండు విషయాలు మాత్రం ఇంట్లో మీరో, వాళ్ళ అమ్మో, పిన్నో మాట్లాడాల్సిందే.

ఇంకో మాట, త్వరగా చెప్పేస్తాను. చట్టం మనల్ని మనం కాపాడుకోమనే అంటుంది, భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే, కానీ ఆపడానికి ఎంత కావాలో అంతే, వాడు పడ్డాక తన్నకూడదు. తోసుకున్నప్పుడు సిమెంటు రోడ్డు మీద తల వెనక్కి కొట్టుకుంటే ఒక్క దెబ్బకే ప్రాణం పోవచ్చు, ఎవరిదైనా. అందుకే మా పిల్లలకు కాలర్ విడిపించుకుని పరుగెత్తడం కూడా సాధనగా చేయిస్తాను, వాళ్ళకు అది చిన్నతనంగా ఉంటుంది, చేయించడం మాత్రం మానను.

బ్లాక్ బెల్ట్ పరీక్షకు అబ్బాయికి మనసుంటే కట్టండి. ఇన్నేళ్ళ కష్టం, దెబ్బలు తిన్న కోపంలో మధ్యలో ఆపితే తర్వాత వాడే బాధపడతాడు. అయితే పరీక్ష ఫీజు కట్టే ముందు మాస్టారితో మర్యాదగా ఒక మాట అనండి: "సార్, వారానికి రెండు రోజులు ఒక అరగంట గ్లవ్స్ వేసి, కాలర్ పట్టుకునే దగ్గర నుంచి మొదలుపెట్టి చేయిస్తారా?" చాలామంది మాస్టర్లకు చేయించాలనే ఉంటుంది, పిల్లలకు దెబ్బ తగిలితే తల్లిదండ్రులు మీదికొస్తారని మానేస్తారు, మీరే అడిగితే వాళ్ళకు ధైర్యం వస్తుంది. ఒప్పుకుంటే వాడు అక్కడే ఉండొచ్చు, క్లబ్బు మార్చక్కర్లేదు. ఒప్పుకోకపోతే కటా అక్కడ, మిగతాది ఇంకోచోట. పదో తరగతి పరీక్షలయ్యాక మొదలుపెట్టండి, ఇప్పుడే ఏం తొందర లేదు.